ఎనిమిది తీగల గిటార్‌కు ఏ నెక్ పికప్?

ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద అమర్చిన పికప్‌ను విప్పి చూస్తే ముఖ్యంగా కనిపించేవి రెండే: ఒక అయస్కాంతం, దాని చుట్టూ తలవెంట్రుక అంత సన్నటి రాగి తీగతో వేసిన వేల చుట్లు. పైనున్న ఉక్కు తీగ కంపించగానే అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇది. సరిగ్గా నూరేళ్లకు, 1931లో, అమెరికాలో జార్జ్ బీచమ్ దాన్ని గిటార్‌కు తగిలించాడు. పేటెంట్ చేతికందడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది.

మొదట పేరు తెచ్చుకున్నది మెడ (నెక్) దగ్గరి పికప్పే. 1936లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-150కి ఉన్న ఒక్క పికప్ ఫ్రెట్‌బోర్డు చివరనే ఉండేది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఆ గిటార్‌తోనే శాక్సఫోన్‌లకు దీటుగా సోలోలు వాయించాడు. ఆ గుండ్రటి, నిండైన నాదానికి కారణం పికప్ ఉన్న చోటే. బ్రిడ్జ్ దగ్గర తీగ ఊపు తక్కువ, అక్కడ పై అనుస్వరాలు తేలి వినిపిస్తాయి. మెడ వైపు జరిగేకొద్దీ ఊపు పెరిగి, మూలస్వరం బలపడుతుంది.

ఆరు తీగలున్నంత కాలం ఇది వరమే. తీగలు పెరిగాక చిక్కు మొదలైంది.

ఏడో తీగ కొత్తదేమీ కాదు. జాజ్ వాద్యకారుడు జార్జ్ వాన్ ఎప్స్ కోసం ఎపిఫోన్ కంపెనీ 1930ల చివరలోనే ఏడు తీగల గిటార్ చేసింది. రాక్‌లో ఏడో తీగకు ఊపు తెచ్చింది 1990లో స్టీవ్ వై కోసం వచ్చిన ఐబనెజ్ యూనివర్స్. ఎనిమిదో తీగ వంతు 2007లో వచ్చింది. అదే కంపెనీ ఆర్‌జీ2228ను 27 అంగుళాల స్కేల్‌తో, రెండుచోట్లా ఈఎంజీ 808 పికప్‌లతో విడుదల చేసింది.

ఆరో తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. ఏడోది సుమారు 62, ఎనిమిదోది 46. మామూలు బాస్ గిటార్‌లో అన్నిటికన్నా మందపు తీగ 41 దగ్గర పలుకుతుంది కాబట్టి, ఎనిమిదో తీగ దాదాపు దాని పొలిమేరలోకి దిగినట్టే. పైగా లావు తీగలో ఉక్కు ఎక్కువ, నెక్ దగ్గర దాని ఊపూ ఎక్కువ. ఈ భారమంతా ఒక్కసారిగా యాంప్లిఫయర్ మీద పడితే, డిస్టార్షన్ పెట్టిన మరుక్షణం స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసి ముద్దయిపోతాయి. ఏ స్వరం మీటారో చెవికి అందదు.

అందుకే ఇక్కడ బలమైన పికప్ వెతకడం పొరపాటు. చుట్లు పెరిగేకొద్దీ శబ్దం పెరుగుతుంది, కానీ తీగచుట్ట ప్రేరకత్వమూ పెరిగి పై పౌనఃపున్యాలు నలిగిపోతాయి. మంద్రంలో స్పష్టత నిలిచేది సరిగ్గా వాటి వల్లే. గిబ్సన్ ఇంజనీరు సేథ్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన హంబకర్ ఇప్పటికీ మంచి కొలమానం. రెండు చుట్టలను ఎదురెదురు ధ్రువాలతో, వ్యతిరేక దిశల్లో కలిపితే కరెంటు రొద రద్దవుతుంది, తీగ నాదం మిగులుతుంది. దాని నిరోధం సుమారు 8 కిలోఓమ్‌లు. నెక్ పికప్ ఆ దరిదాపుల్లో ఉంటే చాలు. అయితే రాగి తీగ మందం మారితే ఈ అంకెకు అర్థమూ మారిపోతుంది. కాబట్టి ఒకే మందం తీగ వాడిన పికప్‌లనే పక్కపక్కన పెట్టి చూడాలి.

అయస్కాంతం విషయంలో ఆల్నికో 5 నెక్‌కు బాగా నప్పుతుంది. సెరామిక్ గట్టిగా, కరకుగా పలుకుతుంది, దాన్ని బ్రిడ్జ్‌కు వదిలేయడం మేలు. యాక్టివ్ పికప్‌ల దారి వేరు: తక్కువ చుట్లు, లోపలే చిన్న ప్రీయాంప్, 9 వోల్టుల బ్యాటరీ. పై స్వరాలు చెక్కుచెదరవు. బ్యాటరీ మార్చుకునే ఓపిక ఉన్నవాళ్లకు అదీ మంచి ఎంపికే. ఒక చుట్టను ఆపేసే స్విచ్ పెట్టుకునే వీలుంటే పాసివ్ పికప్‌లోనూ ముద్దతనం చాలావరకు విడిపోతుంది.

ఇంకో సంగతి. అయస్కాంతం తీగను లాగుతుంది. పికప్ మరీ పైకి ఉంటే, నెక్ దగ్గర విశాలంగా ఊగే తీగ ఆ లాగుడుకు లోనై శ్రుతి వణుకుతుంది. కొత్త పికప్‌కు డబ్బు పెట్టే ముందు స్క్రూడ్రైవర్ తీసి, పాతదాని మంద్రం వైపు మరను కొంచెం కొంచెంగా దించుతూ, ప్రతిసారీ ఎనిమిదో తీగ మీటి వినండి. చాలామందికి అక్కడితోనే పని తీరిపోతుంది.