పచ్చిపాల చీజ్ – అరువది దినముల నియమము

జున్ననగానే మనకు ఈనిన పశువు తొలిపాలతో వండినది జ్ఞప్తికి వచ్చును. పాశ్చాత్యుల చీజ్ వేరు. పాలను విరిచి, నీరోడ్చి, ఉప్పు పట్టించి మాగవేసినది అది.

అమెరికా ప్రభుత్వము 1949లో దీనికొక నియమము చేసెను. పాశ్చరీకరణము చేయని పాలతో తయారైన చీజ్‌ను 35 డిగ్రీల ఫారన్‌హీటుకు తగ్గని ఉష్ణోగ్రతలో కనీసము 60 దినములు మాగనిచ్చిన పిమ్మటనే అమ్మవలెను. ఆ కాలములో లాక్టికామ్లము పెరుగును, తేమ తగ్గును. ఉప్పుతో కూడి ఇవి రోగక్రిములను చంపునని వారి ఊహ.

నియమము అందరికి ఒక్కటే, భారము మాత్రము ఒక్కటి కాదు. పెద్ద కర్మాగారము పాలను 72 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 15 సెకనులు కాచి ఈ గడువును తప్పించుకొనును. పది ఆవులున్న రైతుకు ఆ యంత్రము కొనుట కష్టము. కొననిచో రెండు నెలల సరకు నేలమాళిగలో మూలుగును, చేతికి పైస రాదు. ఫ్రాన్సులోని నార్మండీ కామంబేరు సంగతి మరియు కష్టము. దానిని పచ్చిపాలతోనే చేయవలెను. మూడు వారములకే అది అమ్మకమునకు వచ్చును. 60 దినములాగినచో ముదిరి చెడును. కనుక అమెరికా అంగళ్లలో దానికి చోటు లేదు.

పోనీ, గడువు రక్షణ నిచ్చుచున్నదా? చెడ్డార్ చీజ్‌లో ఇ. కోలి క్రిమిజాతి ఒకటి 60 దినములు దాటియు జీవించెనని 1996లో ప్రకటితమైన ప్రయోగము చూపెను. మెత్తని చీజ్‌లో పైనున్న బూజు ఆమ్లమును తినివేయును. ఆమ్లత తగ్గిన కొలది లిస్టీరియా క్రిమి పెరుగును. అనగా వేచిన కొలది ప్రమాదము హెచ్చును!

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రము 2008లో గడువునకు ముందే అమ్ముటకు అనుమతించి, బదులుగా పాలకు, పశువులకు కఠిన పరీక్షలు విధించెను. శాస్త్రమునకు ఇదియే దగ్గర. అయితే ఆ పరీక్షల ఖర్చు కూడ చిన్న రైతు మీదనే పడును గదా!