మీకు తెలుసా? తుపాకీ ఎవరిదో తేల్చాలంటే అమెరికాలో ఫోన్లు తిప్పాల్సిందే!

నేరం జరిగినచోట తుపాకీ దొరికితే కంప్యూటర్‌లో నంబరు కొట్టగానే యజమాని పేరు వచ్చేస్తుందని సినిమాల్లో చూస్తాం. అమెరికాలో అలా కుదరదు. తుపాకీ యజమానుల జాబితా కేంద్ర ప్రభుత్వం తయారు చేసుకోకూడదని 1986 నాటి చట్టం అడ్డుకట్ట వేసింది. ఈరోజు జాబితా రాస్తే రేపు ఇంటికొచ్చి తుపాకులు లాక్కుంటారేమోనన్న భయం అక్కడ చాలామందిలో ఉంది.

మరి ఎలా కనుక్కుంటారు? పోలీసులు సీరియల్ నంబరును వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న, తుపాకుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ ట్రేసింగ్ కేంద్రానికి పంపుతారు. అక్కడివాళ్లు తయారీ కంపెనీని అడుగుతారు. కంపెనీ హోల్‌సేలర్ పేరు చెబుతుంది, హోల్‌సేలర్ దుకాణం పేరు చెబుతాడు. దుకాణదారు రిజిస్టరు తిరగేసి, కొన్నవారు నింపిన 4473 ఫారం వెతికి, 24 గంటల్లో జవాబివ్వాలి. దుకాణం మూతపడి ఉంటే ఆ కాగితాలన్నీ పెట్టెలకొద్దీ మార్టిన్స్‌బర్గ్‌కే చేరి ఉంటాయి. వాటిని స్కాన్ చేస్తారు గానీ పేరుతో వెతికే వీలు ఉంచరు. సిబ్బంది పేజీ తర్వాత పేజీ కళ్లతో చూసుకుంటూ పోవాలి.

దుకాణదారు తనంతట తానే ఏటీఎఫ్‌కు చెప్పాల్సినవీ ఉన్నాయి. తుపాకీ పోయినా, దొంగతనం జరిగినా ఆ సంగతి గుర్తించిన 48 గంటల్లో తెలపాలి. ఒకే మనిషి వరుసగా 5 పనిదినాల్లో రెండు చేతి తుపాకులు కొంటే ఆరోజే రిపోర్టు పంపాలి. దాని నకలు స్థానిక పోలీసులకూ వెళ్తుంది, కొన్నవారు అనర్హులు కాకపోతే 20 రోజుల్లోగా వాళ్లు దాన్ని నాశనం చేయాలి. కొనుగోలుకు ముందు జరిగే నేరచరిత్ర తనిఖీలో పాసైనవారి వివరాలనైతే ఎఫ్‌బీఐ 24 గంటల్లోనే చెరిపేయాలి.

పేర్లు దాచడంలో ఇంత పట్టింపు అనవసరమని కొట్టిపారేయలేం. 2022 జూన్‌లో కాలిఫోర్నియా న్యాయశాఖ వెబ్‌సైట్ నుంచి, తుపాకీ వెంట ఉంచుకునే పర్మిట్‌దారుల పేర్లు, ఇంటి చిరునామాలు బయటపడ్డాయి. ఏ ఇంట్లో తుపాకీ ఉందో దొంగలకు తెలిస్తే ఇంకేముంది! అయినా హత్య కేసులో నంబరుతో వెతకడాన్ని కూడా ఇంత నత్తనడకన ఉంచడం బాధితులకు అన్యాయమే. నంబరుతో వెతికినంత మాత్రాన ఊరందరి పేర్లూ బయటపడవు కదా.

అన్నట్టు, అమెరికాలోని మనవాళ్లకు ఒక మాట: హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకీ కొనకూడదు. 4473 ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది, అబద్ధం రాస్తే కేంద్ర చట్టం కింద నేరం.