ఏ దేశానికీ చెందని డిప్లమా

పరీక్ష అనగానే మనకు ఓ బోర్డో, ఓ యూనివర్సిటీయో గుర్తొస్తుంది. దాని వెనక ఓ ప్రభుత్వం ఉంటుంది. ఇంటర్మీడియట్ సర్టిఫికెట్టు చెల్లుబాటు కావడానికి ఆ ప్రభుత్వ ముద్రే ఆధారం. మరి వెనక ఏ ప్రభుత్వమూ లేకుండా, ఏ ఒక్క దేశపు సిలబసూ కాకుండా, నూటికి పైగా దేశాల్లో ఇంటర్ వయసు పిల్లలు రాసే పరీక్ష ఒకటుంది. అదే ఇంటర్నేషనల్ బాకలారియట్ డిప్లమా. క్లుప్తంగా ఐ.బి. అంటారు. అది ఎలా నడుస్తుంది, దాని విలువ దేనిమీద నిలిచింది అన్నదే ఈ వ్యాస విషయం.

1924లో జెనీవా నగరంలో ఒక అంతర్జాతీయ పాఠశాల వెలిసింది. నానాజాతి సమితిలోనూ, అంతర్జాతీయ కార్మిక సంస్థలోనూ పనిచేసే ఉద్యోగుల పిల్లల కోసం పెట్టిన బడి అది. చదివేది ఒకే బడిలో అయినా, పై తరగతికి వచ్చేసరికి పిల్లలు విడిపోయేవారు. ఇంగ్లండు వెళ్ళేవాడికి ఒక పరీక్ష, ఫ్రాన్సు వెళ్ళేవాడికి ఇంకొకటి, స్విట్జర్లాండులో ఉండిపోయేవాడికి మరొకటి. అన్ని విశ్వవిద్యాలయాలూ ఒప్పుకునే పరీక్ష ఒక్కటుంటే ఈ బాధ తప్పుతుంది కదా అని అక్కడి ఉపాధ్యాయులు ఆలోచించారు. 1960ల్లో ప్రయోగాత్మకంగా కొన్ని పరీక్షలు జరిపి, 1968లో సంస్థను స్థాపించారు. ఆక్స్‌ఫర్డుకు చెందిన అలెక్ పీటర్సన్ దాని తొలి డైరెక్టర్ జనరల్. 1970లో మొదటి అధికారిక పరీక్షలు జరిగాయి.

కోర్సు రెండేళ్ళు. విద్యార్థి ఆరు సబ్జెక్టులు తీసుకోవాలి. మన దగ్గరిలా ఎం.పి.సి. అనో, బైపీసీ అనో గిరి గీసుకుంటే కుదరదు. సైన్సు చదివేవాడు కూడా సాహిత్యం, రెండో భాష, ఒక సాంఘిక శాస్త్రం చదవాలి. మామూలుగా మూడు సబ్జెక్టులు పై స్థాయిలో 240 గంటల చొప్పున, మూడు సాధారణ స్థాయిలో 150 గంటల చొప్పున సాగుతాయి. ఒక్కో సబ్జెక్టుకు 7 పాయింట్లు. ఆరేళ్ళు 42. ఇవి కాక, మనకు తెలిసింది నిజమని ఎలా తెలుసు అని ప్రశ్నించే జ్ఞానసిద్ధాంతం అనే పాఠం ఒకటి, ఇంగ్లీషులో రాస్తే 4,000 మాటలకు మించని పరిశోధన వ్యాసం ఒకటి ఉంటాయి. రెంటికీ కలిపి మరో 3. మొత్తం 45. గట్టెక్కడానికి 24 కావాలి, వాటితో పాటు మరికొన్ని షరతులూ ఉన్నాయి. కళలు, ఆటలు, సేవలకు పాయింట్లు లేవు గానీ, అవి పూర్తి చెయ్యందే డిప్లమా చేతికి రాదు.

ఇక మార్కుల సంగతి. పరీక్షలు ఉత్తరార్ధగోళంలో ఎక్కువగా మేలో, దక్షిణాన ఎక్కువగా నవంబరులో జరుగుతాయి. జవాబు పత్రాలు స్కాన్ చేసి దేశదేశాల ఎగ్జామినర్లకు పంపుతారు. వాళ్ళకు తెలియకుండా మధ్యమధ్య ముందే మార్కులు నిర్ణయించి ఉంచిన పత్రాలు కలుపుతారు. ఎగ్జామినరు వేసిన మార్కు వాటితో సరిపోకపోతే అతని దిద్దుబాటు ఆపేస్తారు. అంటే పరీక్ష విద్యార్థికే కాదు, దిద్దేవారికి కూడా!

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. చాలా సబ్జెక్టుల్లో కొంత భాగం మార్కులు సొంత ఉపాధ్యాయుడే వేస్తాడు. మన ప్రాక్టికల్ మార్కుల కథ మీకు తెలియనిది కాదు. ఒకడు తెలిసినవాడని, ఇంకొకడు మన కాలేజీవాడని, చివరికి అందరికీ నిండుగా పడిపోతాయి. ఐ.బి.లో మాత్రం కొందరి పని నమూనాగా బయటికి పంపాలి. దూరాన ఉన్న పరిశీలకుడు దాన్ని మళ్ళీ దిద్దుతాడు. టీచరు చెయ్యి మరీ జారిందని తేలితే ఆ బ్యాచి మార్కులన్నీ తగ్గుతాయి, మరీ పిసినారితనం చూపితే పెరుగుతాయి. అంచేత ఒకరిమీద జాలి చూపబోతే అందరికీ దెబ్బ తగులుతుంది. టీచరు మాటకు విలువ ఇస్తారు గానీ, సరిచూసి మరీ ఇస్తారు.

ఇంత కట్టుదిట్టమైనా బీటలు పడలేదని కాదు. 2020 మేలో కోవిడ్ మూలంగా పరీక్షలు రద్దయ్యాయి. ఏడాది పొడుగునా చేసిన పని, టీచర్ల అంచనాలు, పాఠశాల పాత ఫలితాలు కలిపి లెక్కగట్టి గ్రేడ్లు ఇచ్చారు. "మా బడిలో వెనకటివాళ్ళు ఎలా రాశారో దాన్నిబట్టి నాకు మార్కులా?" అని విద్యార్థులు నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే! ఆగస్టులో సంస్థ కొన్ని గ్రేడ్లు పెంచాల్సివచ్చింది. 2024 మేలో ఇంకో ముప్పు. భూమి గుండ్రంగా ఉంది కదా, ఒకచోట పరీక్ష అయిపోయేసరికి ఇంకోచోట తెల్లవారదు. ఇరవైనాలుగు గంటలు ప్రశ్నల గురించి బయట నోరు విప్పరాదని నియమం. ముందు రాసినవాళ్ళలో కొందరు దాన్ని కాదని ప్రశ్నలు బయటపెట్టారు. ఖండాలు దాటిన పరీక్షను కాపాడేది తాళాలు, సీళ్ళే కాదు, పిల్లల మాట నిలకడ కూడా అని తేలిపోయింది.

మన దేశంలో ఈ డిప్లమా 1976లో కొడైకెనాల్‌లో మొదలైంది. ఇక్కడి విశ్వవిద్యాలయాల సంఘం దీన్ని ప్లస్ టూకు సమానంగా గుర్తిస్తోంది. హైదరాబాదులోనూ కొన్ని పాఠశాలలు నడుపుతున్నాయి గానీ, ఆ ఫీజులు సామాన్య కుటుంబానికి అందేవి కావు. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లోకి ఐ.బి. విధానం తేవడానికి ఒప్పందం కుదిరింది. ఆ ఏడే ప్రభుత్వం మారింది, ఆ ఆలోచన ముందుకు సాగలేదు.

పోనీ, డిప్లమా తెచ్చుకోలేకపోయాం. అందులోని పద్ధతి తెచ్చుకోవడానికి అడ్డేమిటి? పది రికార్డులు పక్క జిల్లాకు పంపి మళ్ళీ దిద్దించడానికి జెనీవా దాకా పోనక్కర్లేదు. అలా చేసిననాడు కష్టపడి ప్రయోగం చేసినవాడికీ, రికార్డు కాపీ కొట్టినవాడికీ ఒకే మార్కు పడదు. మన మార్కుల పట్టీని ఎదుటివాడు నమ్మాలంటే, ముందు దాన్ని మనం నమ్మగలగాలి.