రాకెట్టు అను పాత యింజను

స్నానమునకు నీళ్లు కాచు రాగి బాయిలరును మీరందఱును చూచియే యుందురు. నడుమ నొక గొట్టము, అందులో బొగ్గులు మండును, చుట్టును నీళ్లుండును. నేడు నేను చెప్పబోవు యింజను మర్మములో సగము ఆ గొట్టమునందే యున్నది గనుక, దానిని మనసులో నుంచుకొనుడని కోరుచున్నాను.

1829వ సంవత్సరమున ఇంగ్లండులో లివర్పూలు, మాంచెస్టరు పట్టణముల నడుమ ఇనుపదారి సిద్ధమగుచుండెను. దానిపై బండ్లను లాగుటకు కదలు యింజను మేలా, లేక అక్కడక్కడ యంత్రములను నిలిపి మోకులతో లాగుట మేలా యని కంపెనీవారికి సందేహము కలిగెను. అందుచే 500 పౌనుల బహుమానము ప్రకటించి, ఆ అక్టోబరు నెలలో రెయిన్‌హిల్ అను చోట పందెము పెట్టిరి. నావెల్టీ యను యింజను తేలికైనది, చూచువారికి ముచ్చట గొలిపినది. కాని పరీక్షకు నిలువలేదు. టిమొతీ హాక్‌వర్తు చేసిన సాన్స్‌పరేల్ బలముగలదే యైనను నడుమనే చెడెను. నిలిచి గెలిచినది న్యూకాసిల్‌లో రాబర్టు స్టీఫెన్సను కర్మాగారమున తయారైన రాకెట్టు. ఆయన తండ్రి జార్జి స్టీఫెన్సను ఆ ఇనుపదారికే యింజనీరు. ఆ తండ్రి బొగ్గుగనుల యొద్ద పెరిగి, పదునెనిమిదేండ్లు వచ్చువఱకు చదువుట వ్రాయుట యెఱుగనివాడు.

పూర్వపు యింజనులలో మన బాయిలరు వలె మంట పోవుటకు ఒక పెద్ద గొట్టమే యుండెడిది. రాకెట్టులో మూడేసి అంగుళముల వెడల్పుగల రాగి గొట్టములు 25 అమర్చిరి. మంటవేడి తగులు చోటు ఎంత పెరిగిన, నీరు అంత త్వరగా ఆవిరియగును. ఈ యుపాయము చెప్పిన హెన్రీ బూత్ యంత్రములు చేయువాడు కాడు, కంపెనీ కోశాధికారి! రెండవ మర్మము మఱియు చిత్రమైనది. పని ముగించిన ఆవిరిని వృథాగా విడువక, పొగగొట్టములోనికి పైకి చిమ్మించిరి. అది పోవుచు లోపలి గాలిని వెంట లాగికొనిపోవును; ఆ లాగుడుకు పొయ్యి రాజుకొనును. కమ్మరి తిత్తి యూదినట్లే. అయితే ఇచట యింజను తన కొలిమిని తానే యూదికొనును. ఎంత వేగముగా నడచిన నంత మంట! మనము చిన్ననాడు వినిన చుకు చుకు ధ్వని ఈ చిమ్ముడు ధ్వనియే. పందెమున రాకెట్టు ఒకానొకప్పుడు గంటకు 30 మైళ్లకు చేరువగా పోయెను. తరువాతి కాలపు ఆవిరి యింజనులు చాలవఱకు ఈ రెండు మర్మములనే అనుసరించినవి.

1830 సెప్టెంబరు 15న ఆ దారి ప్రారంభమైన నాడే, హస్కిసన్ అను పార్లమెంటు సభ్యుడు ఈ రాకెట్టు క్రిందనే పడి మరణించెను. ఇంతలోనే ఇంకను మంచి యింజనులు వచ్చుటచే, 1836లో దీనిని ఒక బొగ్గుదారివారికి అమ్మివేసిరి. 1862లో అది లండనులోని మ్యూజియమునకు చేరినది.

చేరినది పందెమునాటి పసుపుపచ్చని సుందరాంగి కాదు. ఏటవాలుగా నిలిచిన ఆవిరి తొట్లు దాదాపు అడ్డముగా దింపబడినవి. ముందువైపున పొగపెట్టె క్రొత్తగా చేర్చబడినది. అనేక భాగములు మాయమైనవి. మొదటి రూపము తిరిగి కల్పింపక, ఈ నల్లని మొండెమును చూపుట యేమి గౌరవమని నేనును తొలుత ననుకొంటిని. ఇప్పుడట్లు తలపను. 1990ల చివర నిద్దఱు పరిశోధకులు దానిని విప్పి పరీక్షించి, మార్పుల క్రమమును చాలవఱకు తెలిసికొనిరి. తోమి, రంగు పూసి క్రొత్తదానిగా చేసియుండినచో, ఆ గుర్తులు నశించియుండును. నడుచుట చూడగోరువారికై 1979లో అదే పోలికతో మఱియొక యింజనును చేసిరి. మూలవిరాట్టు గర్భగుడిలో నుండును, ఊరేగునది ఉత్సవమూర్తి. ఇది మనకు క్రొత్త సంగతి కాదు.

మన దేశమున వేఱు మార్గము త్రొక్కిరి. లీడ్సు పట్టణమున 1855లో చేయబడి, ఈస్టిండియన్ రైల్వేలో 1909 వఱకు పనిచేసిన ఫెయిరీక్వీన్ అను యింజనును ఢిల్లీ రైలు మ్యూజియమునుండి వెలికి తీసి, 1997లో మరల పట్టాలపై నడిపిరి. నడచు యింజనుల కెల్ల ప్రాచీనమైనదని 1998లో దానికి ప్రపంచఖ్యాతి వచ్చినది. నడుపవలెనన్న అరిగిన భాగములు మార్చక తప్పదు. ఊరి రథమునకు ఇరుసు మార్చినంతనే అది మన రథము కాకపోవునా యని మీరడుగవచ్చును. కాకపోదు. కాని ప్రతి యిరుసుతోను పాత వడ్రంగి చేతిపని కొంత పోవుచున్నది. కాబట్టి నడుపువారు తీసిన ముక్కలనైనను పారవేయక దాచవలెనని నా మనవి.

రాకెట్టు మాత్రము 2018లో లండను విడిచి ఉత్తరమునకు ప్రయాణమైనది. తన చక్రములపై గాదు, ఇతర వాహనముపై. ముందుగా చేరినది న్యూకాసిల్, అది పుట్టిన యూరు.