గాజు తొట్టిలో పెద్ద సిక్లిడ్ చేపలు: ఎన్ని పెంచవలెను? ఎంత వడపోత కావలెను?

రైతు సోదరుడొకడు పిల్లల కోరికపై పట్నములో రెండంగుళముల ఆస్కారు చేప పిల్లలను ఆరింటిని కొని, రెండడుగుల గాజు తొట్టిలో వదలెననుకొందము. మొదటి నెల చూడ ముచ్చటగా నుండును. మూడవ నెలకు నీరు మసకబారును. ఆరవ నెలకు చేపలు జానెడంతయై, నీటిపైకి వచ్చి నోరు తెరచుచు, ఒకదాని వెంట ఒకటి చచ్చును. దుకాణదారు జబ్బు చేపల నిచ్చెనని ఇంటివారు తలంతురు. నిజమునకు ఆ తొట్టి భరింపగల నత్రజని కంటె ఎక్కువ నత్రజని అందులో పడినది.

మన మెరిగిన కుటుంబమే

1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా, కేరళవారి కరిమీను, ఈ సిక్లిడ్ కుటుంబమునకు చెందినవే. ఆస్కారు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతపు చేప. మంచి పోషణలో అడుగు పొడవు పెరిగి, పదేండ్లకు పైగా బ్రతుకగలదు. కావున తొట్టిని నేడు కొనిన పిల్లను చూచి గాక, రేపటి పెద్ద చేపను తలంచి ఎంచుకొనవలెను.

చేపలను గాక మేతను లెక్కించండి

600 గ్రాముల చేపకు బరువులో ఒక శాతము, అనగా రోజుకు 6 గ్రాముల మేత వేయుదు మనుకొందము. మేతలో మాంసకృత్తులు 40 శాతమైనచో 2.4 గ్రాములు. మాంసకృత్తులలో నత్రజని 16 శాతము గనుక 0.38 గ్రాము. ఇందులో చేప ఒంటికి పట్టునది మహా అయిన మూడవ వంతు. మిగిలిన 250 మిల్లీగ్రాములు ప్రతిదినము నీటిలో చేరును. అందులో అధిక భాగము మొప్పల ద్వారా అమ్మోనియా రూపమున వెలువడును.

400 లీటర్ల నీటిలో సైతము ఇది రెండు దినములలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటును. బోరునీరు క్షారగుణము కలదైనచో ప్రమాదము మరింత హెచ్చు. 30 డిగ్రీల వేడిలో, ఉదజని సూచిక 7 ఉన్నపుడు మొత్తము అమ్మోనియాలో విషరూపము ఒక శాతము లోపే. సూచిక 8 అయినచో అది 7 శాతము దాటును.

ఫిల్టరు ఒక చిన్న పొలము

మెట్ట పొలములో వేసిన యూరియా మొదట అమ్మోనియాగా, పిదప నైట్రేటుగా మారుట మీరెరిగినదే. ఆ పని చేయునవి నేలలోని సూక్ష్మజీవులు. ఫిల్టరులోని స్పాంజి, మట్టి గుళికలు, రాతి ముక్కలపై అటువంటి సూక్ష్మజీవులే కాపురముండును. కొన్ని అమ్మోనియాను నైట్రైటుగాను, మరికొన్ని నైట్రైటును నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును చేపకు విషములు. నైట్రేటు చాల తక్కువ హాని చేయును.

ఈ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు మిక్కిలి అవసరము. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చుటకు 4.5 గ్రాములకు పైగా ప్రాణవాయువు ఖర్చగును. కావున నీరు ఆగక పారుచుండవలెను.

పెద్ద సిక్లిడ్‌లకు గంటకు తొట్టి నీటికి 6 నుండి 10 రెట్లు త్రిప్పు ఫిల్టరు ఉండవలెను. 400 లీటర్లకు ఇది 2,400 నుండి 4,000 లీటర్లు. పెట్టెపై వ్రాసిన సంఖ్య ఖాళీ పంపుది. స్పాంజి నిండిన కొలది అది తగ్గును. ఒక పెద్ద ఫిల్టరు కంటె రెండు మధ్యరకమువి మేలు. ఒకటి ఆగినను రెండవది పనిచేయును.

తొట్టి కొలతలు

ఘనపు టడుగునకు 28 లీటర్ల నీరు పట్టును. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు గల తొట్టిలో, పైన వదలిన ఖాళీ, గులకరాళ్లు పోను 400 లీటర్ల నీరుండును. ఇది ఒక పెద్ద ఆస్కారుకు చాలును. ఫ్లవర్‌హార్న్ జగడాలమారి గనుక దానిని ఒంటరిగానే ఉంచవలెను.

ఫిల్టరు ఎంత గొప్పదైనను నైట్రేటును తీసివేయదు. పై లెక్క ప్రకారము ఒక చేప వలన వారమునకు లీటరుకు సుమారు 20 మిల్లీగ్రాముల నైట్రేటు చేరును. వారమునకు సగము నీరు మార్చినచో అది 40 దాటదు. అదే తొట్టిలో రెండు చేపలున్నచో 80 వరకు పోవును. రెండు చేపలు కావలెనన్నచో 6 అడుగుల తొట్టి కట్టి, వారమునకు రెండు మార్లు సగమేసి నీరు మార్చవలెను.

తప్పక గమనింపవలసినవి

1. కొత్త ఫిల్టరులో సూక్ష్మజీవులు నిలద్రొక్కుకొనుటకు 4 నుండి 6 వారములు పట్టును. ఆరోగ్యకరమైన పాత తొట్టి నుండి ఒక స్పాంజి ముక్క తెచ్చి వేసినచో త్వరపడును. ఇది తోడు వేయుట వంటిది. పరీక్ష కిట్టులో అమ్మోనియా, నైట్రైటు రెండును సున్న చూపిన పిదపనే చేపను వదలండి.

2. స్పాంజిని తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండండి. ఈ వ్యాసకర్త ఒకసారి శుభ్రముగా నుండునని స్పాంజులన్నింటిని క్లోరిన్ కలిసిన కుళాయి నీటిలో కడిగి, మూడవ దినమున నాలుగేండ్ల చేపను పోగొట్టుకొనెను.

3. మార్చు నీరు కుళాయిదైనచో క్లోరిన్ పోగొట్టిన పిమ్మటనే పోయవలెను.

4. కరెంటు పోయినపుడు మేత ఆపి, బ్యాటరీ గాలిపంపు నడపండి. మూతగల ఫిల్టరు కొన్ని గంటలు ఆగినచో లోని నీరు కుళ్లును. దానిని పారబోసి, స్పాంజిని తొట్టి నీటిలో జాడించి తిరిగి నడపవలెను.

5. చేప పెరిగి తొట్టి చాలనపుడు చెరువులోగాని కాలువలోగాని వదలరాదు. తొట్ల నుండి బయటపడిన దెయ్యపు చేప వలన మన చేపల రైతులు పడుచున్న బాధ చూచుచునే ఉన్నాము. అమ్మినవారికో, పెద్ద తొట్టి గలవారికో ఇవ్వండి.

ఎకరమునకు ఎన్ని మొక్కలు నాటవలెనో విత్తు నాటికే నిర్ణయింతుము. చేప విషయమునను అంతే. దుకాణములో డబ్బు చెల్లింపక ముందే లెక్క వేసికొని, ఆరింటికి బదులు ఒక్కదానిని తెచ్చుకొన్నచో, అది పదేండ్లు మీ ఇంట తిరుగాడును.