ముప్పదియారు ముక్కలు

సంక్రాంతి మూడునాళ్లును పేక కనబడని కొబ్బరితోట కోనసీమలో అరుదు. ఒకవంక కోడిపందెములు, వేరొకవంక గుండాట, చెట్లనీడను చాపలపై మూడు ముక్కలాట. చట్టము వలదన్నను పండుగ వచ్చునప్పటికి ఆ సంగతి అందరును మరతురు. ఉప్పలగుప్తములోని మా ఇంట మాత్రము అరువదియేండ్లుగా పేకకు ప్రవేశము లేదు. అట్టి ఇంటి అరుగుమీద, ఏబదియైదవ యేట, నేను పేకాట నేర్చుకొంటినన్నచో నా విద్యార్థులు నవ్వుదురేమో. నేర్పినవాడు నా మేనల్లుడు, హైదరాబాదులో ఇంజనీరు. పణము చింతపిక్కలు.

మా ఇంటి నిషేధమునకు కారణము మా తాతగారు. ఆయన తోట నడుమ నిలిచి, ఒకమారు తలయెత్తి చూచి, ఈ దింపునకు ఇన్ని కాయలని చెప్పెడివారట. వర్తకులు మరల లెక్కింపకయే ఆ మాటమీద బేరము కుదుర్చుకొనెడివారు. అంతటి మదింపు తెలిసినవారు ఒక కనుమనాటి రాత్రి మూడు ముక్కలాటలో ఎకరము ఇరువది సెంట్ల తోటను పోగొట్టుకొనిరి. ఇంటనున్న పేకను నాయనమ్మ పొయ్యిలో వైచినది. మా అమ్మ అప్పటికి కాపురమునకు వచ్చి రెండేండ్లు. అత్తగారి శాసనమును నేటివరకు నడపినది ఆమెయే.

మరి నేనేల నేర్చుకొంటిని? కొన్నియేండ్ల క్రిందట నా తరగతిలోని బాలుడొకడు పరీక్షరుసుము చెల్లింపలేదు. పిలిచి అడిగితిని. ఆ సొమ్మంతయు చేతిఫోనులోని పేకాటకు పోయినదని తలవంచుకొని చెప్పెను. "ఏ ఆట?" అని అడిగితిని గాని, వాడు చెప్పిన దానిలో నాకొక్క ముక్కయు తెలియలేదు. తెలియనిదానిని గూర్చి మందలించుట ఉపాధ్యాయునకు తగదని నాడే తోచినది. ధనము పణముగా గల అట్టి ఫోను ఆటలను మన రాష్ట్రము 2020లో చట్టసవరణచే నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు చట్టము చేసినది. నాకు మాత్రము ఆ బాలుని ముఖము మరపునకు రాలేదు.

"రెళ్లు, మూళ్లు, నాలుగులు, ఐదులు తీసి పక్కన పెట్టెయ్యండి మావయ్యా" అని మా వాడు పాఠము మొదలిడెను. పదునారు ముక్కలు పోగా ముప్పదియారు మిగిలినవి. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు — గుర్తుకు తొమ్మిదేసి. ఈ పేర్లు విన్నప్పుడెల్ల నా మనస్సు ఆటను విడిచి భాషలోనికి పోవును. డచ్చివారు ఆటీనును హార్టెన్ అనియు, కళావరును క్లావెరెన్ అనియు అందురు. ఇస్పేటును పోర్చుగీసువారు ఎస్పాదాస్ అందురు. డచ్చివారు మనకు చేరువనే పాలకొల్లునందును, ద్రాక్షారామమునందును వర్తకశాలలు నడపిరి. 1825లో అవి ఆంగ్లేయుల పాలైనవి. ముక్కలతోపాటు పేర్లును ఓడ దిగినవని నా ఊహ.

ఆట పోకరు. ఒక్కొక్కనికి రెండేసి ముక్కలు చాటుగా పంచి, నడుమ ఐదింటిని అందరికిని కనబడునట్లు పరచవలెను. ఆ యేడింటిలో మేలైన ఐదింటిని కూర్చుకొన్నవాడు గెలుచును. తగ్గించిన పేకతో ఆడు ఈ పద్ధతి 2010 తరువాత మకావు ధనికుల జూదములలో ప్రబలి, 2019లో లాస్ వేగాస్‌లోని ప్రపంచ పోకరు పోటీలకును ఎక్కినది. ఇది క్రొత్తది కాదు. 1829లో మిసిసిపీ నదిమీది ఆవిరిపడవలో పోకరాడుట చూచిన నటుడొకడు వ్రాసిన వృత్తాంతమున ఉన్నవి ఇరువది ముక్కలే: నలుగురికి ఐదేసి పంచగా ఒక్కటియు మిగులదు. ఏబదిరెండు ముక్కల పోకరు పిమ్మట వచ్చినది.

నేను తడబడినది ఇక్కడ. ఐదును ఒకే గుర్తు ముక్కలైనచో ఫ్లష్. ఒక అంకెవి మూడు, వేరొక అంకెవి రెండు కూడినచో ఫుల్ హౌస్. నిండు పేకలో ఫుల్ హౌస్ ఎక్కువ. మా ముప్పదియారు ముక్కల ఆటలో ఫ్లష్ ఎక్కువ! "పదహారు ముక్కలు తీసేస్తే పెద్దచిన్నలు తారుమారవుతాయా?" అని అడిగితిని. వాడు కాగితము తెచ్చెను.

నిండు పేకలో గుర్తుకు పదమూడు ముక్కలు. వానిలో ఐదింటిని ఎన్నుకొను విధములు 1,287. నాలుగు గుర్తులకు 5,148. వరుస అంకెలవి 40. వాని అంతస్తు వేరు గనుక తీసివేయగా 5,108. ఫుల్ హౌస్‌లు 3,744 మాత్రమే. అరుదైనదానికి ఆధిక్యము. ఇక మా పేకలో గుర్తుకు తొమ్మిదే. ఐదింటిని ఎన్నుకొను విధములు 126. నాలుగు గుర్తులకు 504. వరుసలు 24 పోగా 480. ఫుల్ హౌస్‌లు 1,728. ఇప్పుడు ఫ్లష్ అరుదైనది. ఇంటరు గణితమున సంయోగములు చెప్పు ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై వేసి చూపినచో పిల్లలు నిద్రపోరు.

కాగితమును చూచుచుండగా నాకు నలోపాఖ్యానము స్ఫురించినది. ఏండ్ల తరబడి పాఠము చెప్పితిని గాని, ఆ ఘట్టమున ఏమున్నదో ఆనాడు తెలిసినది. రథముమీద పోవుచు ఋతుపర్ణుడు దారిలోని తాండ్రచెట్టును చూచి దాని ఆకులెన్నియో, కాయలెన్నియో చెప్పును. బాహుకుడై ఉన్న నలుడు నమ్మక రథము నాపి లెక్కించును, సరిపోవును. అంతట అశ్వహృదయమునకు బదులుగా అక్షహృదయమును గ్రహించును. ఆ క్షణముననే కలి వానిని విడిచిపోవును. జూదపు విద్యకును చెట్టు కాయలను ఎన్నుటకును సంబంధమేమని విద్యార్థి ఎవడైన అడిగినచో, తాండ్రకాయలే ఆనాటి పాచికలని చెప్పి దాటవేయుచుంటిని. ఆ సమాధానము చాలదు. కథ చెప్పినవారు ఆ రెండింటిని ఒకే విద్యగా ఎంచిరి: చూచినదానిని లెక్కకు తెచ్చుట.

మా తాతగారికి అందులో సగము వచ్చును! కొబ్బరిచెట్టు విషయమున ఆయన ఋతుపర్ణుడే. ఆ కన్ను పేకమీదికి పోలేదు. మూడు ముక్కలాటలో మొత్తము చేతులు 22,100. వానిలో ఏ జోడియు, వరుసయు, గుర్తుపొంతనయు లేని వట్టిచేతులు 16,440. అనగా నూటికి డెబ్బదినాలుగు మార్లు చేతికేమియు రాదు. తెల్లవార్లు చేయి మారునని ఎదురుచూచినవారికి ఈ సంఖ్య ఎవరును చెప్పియుండరు.

1967లో సుప్రీంకోర్టు సికిందరాబాదు క్లబ్బొకదాని వ్యాజ్యమున, రమ్మీకి జ్ఞాపకమును నేర్పును వలయుననియు, మూడు ముక్కలాట కేవలము అదృష్టమనియు వేరుచేసి చెప్పినది. నాకు ఆ గీత అంత స్పష్టముగా కనబడదు. లెక్క ఎరిగినవానికి ఏ ముక్క వచ్చునో తెలియదు గాని, ఎప్పుడు లేచిపోవలెనో తెలియును. దానిని నేర్పని యెడల మరేమందుము?

ఇంతలో అమ్మ వాకిట నిలిచియుండుట గమనింపనైతిని. మేనల్లుడు ముక్కలను దాచబోయెను.

"ఉండనియ్యిరా. ఆ పక్కన పెట్టినవేమిటి?"

"చిన్న ముక్కలు అమ్మమ్మా. తీసేస్తే పెద్ద చేతులు తొందరగా వస్తాయి. ఆశ ఎక్కువ, ఆట జోరు."

అమ్మ అరుగుమీద కూర్చుండెను. చింతపిక్కలను వ్రేళ్లతో కొంతసేపు కదపుచుండి, నేనెన్నడును వినని సంగతి చెప్పినది.

"తోట పోయిన నెలకి మొదటి దింపు. కొన్నవాడు చెట్లెక్కించాడు. మావగారు కంచె ఇవతల నుంచుని చూశారు. ఆపుకోలేక వాణ్ణి పిలిచి, వెయ్యిన్నూట నలభై వస్తాయి, తక్కువకి బేరమాడకు అన్నారు. వాడు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు, ఏడు కాయలే తేడా అని."