ఐదు వాట్ల పిలుపు



ప్రభుత్వమువారి లైసెన్సు పొంది నేను వినోదార్థము నడపు రేడియో యంత్రమునకు శక్తి 5 వాట్లే. చిన్న ఎల్.ఇ.డి. బల్బునకు చాలునంతటిది! దానితో ఖండాంతరములకు వార్త యెట్లు పోవునని మీరడుగవచ్చును.

మన తంతి సేవ 2013లో ముగిసినది. పూర్వము ఆ యాఫీసులలో టకటకలాడిన చుక్కల గీతల భాషయగు మోర్సునే నేను వాడుదును. మాటను పంపుటకు సుమారు 2,500 హెర్ట్‌జుల వెడల్పు కావలయును. మోర్సునకు 150 చాలును. వినువాడు తక్కిన రొదకు తలుపు మూసి, ఆ సన్నని సందునే తెరచియుంచును. ఆకాశమందలి అయనోస్ఫియరు అను పొర తరంగములను మరల భూమికి వంచును.

ఏటేట నవంబరు కడపటి శని ఆదివారములలో 48 గంటల ప్రపంచ మోర్సు పోటీ జరుగును. మనకు శనివారము ఉదయము 5.30కు ఆరంభము. ఎదుటివారికి మన గుర్తుపేరును, వారు మనకెట్లు వినబడిరో తెలుపు అంకెను, మండల సంఖ్యను పంపవలయును. భారతదేశము 22వ మండలము. వినికిడి యెట్లున్నను అందరును 599 అనియే యందురు. అది మర్యాదయో, అబద్ధమో మీరే నిర్ణయింపుడు.

ఒక పోటీలో ఇటలీ స్టేషను నొకదానిని ఇరువది మార్లు పిలిచితిని. పెద్ద యంత్రములవారి హోరులో నా పిలుపు మునిగిపోయెను. ఇక చాలింతునని చేయి తీసితిని. అంతలో మూడు చుక్కలు గీత, రెండు చుక్కలు గీత, వెంట ప్రశ్నార్థకము! 'వి, యు' అనునవి మన దేశపు గుర్తులోని తొలి యక్షరములు. నా పేరు సగము చేరినదన్నమాట. ఆయన తక్కినవారి నెల్ల నిలిపి నాకై వేచెను. మిగిలిన యక్షరములను నిదానముగ రెండుమార్లు పంపితిని. 599 వచ్చెను. బల్లమీది కాఫీ యెప్పుడో చల్లారియుండెను.